మట్టి గుట్ట అనుకున్నాం, అది కోట గోడ: గోదావరి ఒడ్డున జీపులో రెండు రోజులు

ఈ ఎపిసోడ్ గోదావరిఖనిలో మా ఇంట్లోంచే మాట్లాడుతున్నా. వెనకాల వినిపించే సౌండ్ కూలర్‌ది, ఏమనుకోకండి. బయట ఎండ మామూలుగా లేదు.

కామెంట్స్‌లో చాలా మంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, జీపులో రాజస్థాన్ కోటలు, గోవా బీచ్‌లు తిరిగే వీడియోలు చూస్తున్నాం, నువ్వు అలాంటిది ఒకటి చెయ్" అని. నాకూ చెయ్యాలనే ఉంది. ఓపెన్ జీపు, ఒక పక్క రాజుల ప్యాలెస్, ఇంకో పక్క సముద్రం. ఎవరికి ఇష్టం ఉండదు చెప్పండి? కానీ మనది రామగుండం. సముద్రం ఇక్కడి నుంచి వందల కిలోమీటర్ల దూరం. ప్యాలెస్ అంటే మా దగ్గర ఫంక్షన్ హాల్ పేరు.

అయినా ఒక్కసారి మ్యాప్ తీసి చూశా. సముద్రం లేదు, గోదావరి ఒడ్డు ఉంది. ప్యాలెస్‌లు లేవు అనుకుంటే, రోజులో వెళ్ళి రాగలిగినంత దూరంలో మూడు కోటలు ఉన్నాయి. కోటిలింగాల, ధూళికట్ట, రామగిరి. నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ ఒకడికి పాత జీపు ఉంది. సరే, శని, ఆదివారం రెండు రోజులు తిరుగుదాం అని బయలుదేరాం.

ఆ ట్రిప్‌లో మేము ఒక తప్పు చేశాం. ఈ ఎపిసోడ్ అందమైన డ్రోన్ షాట్ల గురించి కాదు, ఆ తప్పు గురించి. ఎందుకంటే అది నేను ఒక్కణ్ణే చేసే తప్పు కాదు. బండి, ఫోను ఉన్న ఎవరైనా చేసే తప్పే.

మాకు మట్టి గుట్ట అంటే ఓబీ

బొగ్గు బెల్టులో పెరగని వాళ్ళకి ముందు ఒక విషయం చెప్పాలి. ఓపెన్ కాస్ట్ గనిలో బొగ్గు మీద ఉన్న మట్టి, రాయి అంతా తవ్వి పక్కన పోస్తారు. దాన్ని ఓవర్ బర్డెన్ అంటారు, మేము పొట్టిగా ఓబీ అంటాం. డంపర్లు ఏళ్ళ తరబడి పోస్తూ ఉంటే అవి పెద్ద పెద్ద గుట్టలవుతాయి. వానలు పడితే వాటి మీద గడ్డి, తుమ్మ చెట్లు కూడా మొలుస్తాయి. చిన్నప్పుడు మా డాబా మీద నిలబడి చూస్తే, ఏది దేవుడు పెట్టిన గుట్టో, ఏది సింగరేణి పోసిన గుట్టో మాకు తెలిసేది కాదు.

అందుకే మా మైండ్‌లో ఒకటి ఫిక్స్ అయిపోయింది. మట్టి గుట్ట అంటే తవ్వి పారేసింది. దానికి పేరు ఉండదు, వయసు ఉండదు, దాంట్లో చూడటానికి ఏమీ ఉండదు.

ఊరి చరిత్ర గురించి కూడా మా ఆలోచన ఇంతే. 1871లో విలియం కింగ్ అనే జియాలజిస్ట్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీకి సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం దాన్ని కొన్నది. 1960ల్లో గనులు మా దాకా వచ్చాయి. ఊరి పేరే గోదావరి ఖని, అంటే గోదావరి పక్కన గని. 1971లో రామగుండంలో బి థర్మల్, 1978లో ఎన్టీపీసీకి శంకుస్థాపన. ఇప్పుడు అది 2,600 మెగావాట్ల ప్లాంట్. ఈ డేట్లన్నీ మా దగ్గర పిల్లలు కూడా చెప్తారు. "అంతకు ముందు ఏముండె?" అని అడిగితే మాత్రం ఒక్కటే జవాబు: "అడివి."

ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడ చాలా మంది బాయి పని కోసం వేరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. మా తాత కూడా అంతే, ఎవుసం ఇడిచిపెట్టి బొగ్గుబాయికి వచ్చినోడు. మా ఇంట్లో చరిత్ర అంటే తాత వచ్చిన రోజు నుంచే మొదలవుతుంది. అంతకు ముందు ఈ నేల మీద ఎవరున్నారనేది మాకు సంబంధం లేని విషయం అనుకున్నాం.

ఈ రెండూ కలిసి మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్ళాయో చూడండి.

మొదటి రోజు, కోటిలింగాల

పొద్దున ఐదింటికి బయలుదేరాం. జీపు గురించి ఒక్క మాట. మన దేశానికి జీపు రెండో ప్రపంచ యుద్ధంతో వచ్చింది. 1940ల చివర్లో మహీంద్రా వాళ్ళు విల్లీస్ జీపులను ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. మనకు ఇప్పుడు జీపు అంటే అడ్వెంచర్. కానీ మా నాన్న తరానికి జీపు అంటే గని ఆఫీసరు, లేకపోతే పోలీసు. ఊళ్ళోకి జీపు వచ్చిందంటే జనం ముందు ఇంట్లోకి పోయేవాళ్ళట, తర్వాత కిటికీలోంచి చూసేవాళ్ళట. మేము ఆదే బండి మీద పాటలు పెట్టుకుని పోతున్నాం. కాలం మారింది, మంచిదే.

ధర్మారం మీదుగా వెల్గటూరు వైపు వెళ్ళి, కోటిలింగాల చేరుకున్నాం. ఇది జగిత్యాల జిల్లాలో, గోదావరికి కుడి ఒడ్డున ఉన్న ఊరు. ఒడ్డున శివాలయం ఉంది. పెద్దవాగు వచ్చి ఇక్కడే గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డు లీలగా కనిపిస్తుంది. నిజంగా సముద్రంలాగే ఉంది. ఎందుకంటే మా రామగుండం దగ్గర ఎల్లంపల్లిలో శ్రీపాద సాగర్ ప్రాజెక్టు కట్టారు. దాని కెపాసిటీ దాదాపు 20 టీఎంసీలు. దాని బ్యాక్ వాటర్ ఇక్కడి దాకా నిలబడుతుంది. హైదరాబాద్‌కు గోదావరి మంచినీళ్ళు పోయేది కూడా ఎల్లంపల్లి నుంచే. మాదాపూర్‌లో కూర్చుని ఈ వీడియో చూస్తూ మీరు తాగుతున్న నీళ్ళు ఈ ఒడ్డును తాకి వచ్చినవే కావచ్చు.

డ్రోన్ లేపాం, షాట్లు తీశాం. తర్వాత ఒడ్డుకు కొంచెం లోపల ఒక మట్టి గుట్ట కనిపించింది. పెద్ద ఎత్తేం కాదు. కానీ స్లోప్ సరిగ్గా జీపు ఎక్కడానికి కొలిచి పెట్టినట్టు ఉంది. నేనే అన్నా, "బావా, ఎక్కించు" అని. వాడు ఫోర్ వీల్ వేసి, లో గేర్‌లో ఎక్కించాడు. టైర్లు మట్టిని చీల్చుకుంటూ వెళ్తుంటే ఎర్ర పెంకులు ఎగిరి పడుతున్నాయి. స్లో మోషన్‌లో అదిరిపోయింది. ఒక్కసారి కాదు, మూడు టేకులు తీశాం.

మూడో టేకు అయ్యాక, బర్రెలు తోలుకుని ఒక పెద్దాయన వచ్చాడు. కాసేపు నిలబడి చూశాడు.

"ఏం జేస్తున్నరు బిడ్డా?"

"వీడియో తీస్తున్నం తాత."

"గా గడ్డ మీదికెల్లి ఎందుకు ఎక్కిస్తున్నరు? అది గుట్ట గాదు. కోట గోడ."

నాకు నవ్వొచ్చింది. కోట గోడ అంటే రాయి ఉండాలి కదా. "తాత, ఇది మట్టి కదనే" అన్నా.

"మట్టి కోటనే బిడ్డా. మా చిన్నతనంల వానలు పడ్డంక గీడ బిళ్ళలు దొరుకుతుండె. సర్కారోళ్ళు తవ్వి, చూసి, రాసుకొని పోయిండ్రు. మీ బండి ఎక్కినకాడ జర వంగి చూడుండ్రి."

తిట్టలేదు. వంగి చూడమన్నాడు అంతే. చూశాం. టైరు కోసిన చోట ఒక ఇటుక అంచు బయటికి వచ్చింది. మన ఇళ్ళకు వాడే ఇటుక కాదు, దానికంటే బాగా పెద్దది. దాని పక్కన కుండ పెంకులు. స్లో మోషన్‌లో ఎగిరిపడినవి అవే. నా నోట మాట రాలేదు.

ఆ బిళ్ళలు ఎందుకు ముఖ్యం?

తాత చెప్పిన బిళ్ళలు అంటే నాణేలు. ఇంటికొచ్చాక కూర్చుని చదివా. 1970ల చివర్లో, 1980ల మొదట్లో రాష్ట్ర పురావస్తు శాఖ కోటిలింగాలలో తవ్వకాలు చేసింది. మట్టి కోట, ఇటుక కట్టడాలు, బావులు, పూసలు, నాణేలు బయటపడ్డాయి. ఇక్కడి నాణేలను చదివి ప్రపంచానికి చెప్పినవాళ్ళలో పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు ముఖ్యులు. అసలు కథ ఆ నాణేల మీద రాసిన పేర్లలో ఉంది.

శాతవాహనులు మీకు తెలుసు. దక్కన్‌ను ఏలిన తొలి పెద్ద రాజవంశం. వాళ్ళ మొదటి రాజు సిముకుడు. మహారాష్ట్రలో నానేఘాట్ అనే కనుమ ఉంది, అక్కడి గుహలో ఆయన పేరు చెక్కి ఉంది. పురాణాల్లో కూడా ఆయన ప్రస్తావన ఉంది. కానీ ఆయన పేరుతో నాణెం? అది కోటిలింగాలలో దొరికింది. దాని మీద పేరు చిముక అని ఉంది. సిముకుడే చిముకుడు అని పరబ్రహ్మశాస్త్రి గారి లాంటి వాళ్ళు చెప్పారు. ఆయన కాలం మీద చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు, క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నుంచి 1వ శతాబ్దం మధ్య రకరకాలుగా పెడతారు. శాతవాహనులు ఎక్కడివాళ్ళు, మహారాష్ట్ర వాళ్ళా, మనవాళ్ళా అనే పాత వాదంలో ఈ నాణేలు వచ్చాక తెలంగాణ పేరు గట్టిగా వినిపించడం మొదలైంది.

ఇంతవరకు సరే, ఇది చాలా వీడియోల్లో విని ఉంటారు. నన్ను ఆపింది ఇంకొకటి. అదే చోట శాతవాహనుల కంటే ముందువి అని చెప్పే నాణేలు కూడా దొరికాయి. వాటి మీద గోబద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు ఉన్నాయి. వీళ్ళు రాజులు. కానీ వీళ్ళ గురించి ఏ పురాణమూ చెప్పలేదు, ఏ కవీ రాయలేదు. వాళ్ళ గురించి మనకున్న సాక్ష్యం ఈ మట్టిలో దొరికిన చిన్న చిన్న లోహపు ముక్కలే. ఆ ముక్కలు దొరక్కపోతే ఆ నలుగురు అసలు పుట్టనట్టే లెక్క.

ఇప్పుడు నా భాషలో చెప్తా. నేను నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేశా. ప్రాజెక్టులో గిట్ ఉంటది కదా, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వరుసగా లాగ్ ఉంటది. మట్టి దిబ్బ కూడా అలాంటిదే. అడుగున ఉన్న పొర పాతది, పైనున్న పొర కొత్తది. సమగోప నాణెం ఏ పొరలో దొరికింది, చిముక నాణెం ఏ పొరలో దొరికింది అనేదాన్ని బట్టే ఎవరు ముందు, ఎవరు వెనక అని చెప్పగలుగుతారు. నాణెం ఒక్కటే చేతికి వస్తే అది ఒక వస్తువు. పొరతో సహా తెలిస్తేనే అది చరిత్ర. జీపు టైరు ఏం చేస్తుందంటే, ఆ పొరలన్నిటినీ కలిపి ముద్ద చేస్తుంది. ఆ లాగ్‌ను మళ్ళీ తెచ్చుకోలేం, బ్యాకప్ కూడా ఉండదు.

మధ్యాహ్నం, ధూళికట్ట

అక్కడి నుంచి ధూళికట్ట. ఇది పెద్దపల్లి జిల్లాలో ఉంది. ఈసారి జీపును ఊళ్ళోనే చెట్టు కింద ఆపి నడిచాం. పేరు వినండి, ధూళి, కట్ట. మట్టి కట్ట అని పేరులోనే ఉంది. పేరు కూడా చదవకుండా బండి ఎక్కించేవాళ్ళం మనం.

1970ల్లో ఇక్కడ తవ్వకాలు జరిగాయి. మట్టి కోట, దాని లోపల పెద్ద పెద్ద కట్టడాల పునాదులు దొరికాయి. వాటిలో కొన్నిటిని రాజభవనం అని గుర్తించారు. అవును, ప్యాలెస్. రాజస్థాన్ పోకుండానే మనకు ప్యాలెస్ దొరికింది. కాకపోతే దానికి పైకప్పు లేదు, గోడలు లేవు, చుట్టూ పొలాలు. కోటకు కొంచెం దూరంలో బౌద్ధ స్తూపం ఉంది. దాని పలకల మీద ముచిలింద నాగు బొమ్మలు చెక్కారు. బుద్ధుడు ధ్యానంలో ఉన్నప్పుడు గాలివాన వస్తే, ఒక నాగరాజు పడగ విప్పి గొడుగులా పట్టాడని కథ. ఆ నాగరాజే ముచిలిందుడు.

గ్రీకు రాయబారి మెగస్తనీస్ పేరు స్కూల్లో విన్నారు కదా. ఆ కాలపు సమాచారం ఆధారంగా రోమన్ రచయిత ప్లినీ, ఆంధ్రులకు గోడలున్న పట్టణాలు 30 ఉన్నాయని రాశాడు. లక్ష మంది కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు అని కూడా లెక్క ఇచ్చాడు. ఆ 30లో మన కోటిలింగాల, ధూళికట్ట ఉండొచ్చని కొందరు చరిత్రకారులు అంటారు. లిస్టు మాత్రం ప్లినీ ఇవ్వలేదు, కాబట్టి అది ఊహే.

ఇక్కడికి దగ్గర్లోనే, పెద్దపల్లి పక్కన పెద్దబొంకూరు ఉంది. అక్కడి తవ్వకాల్లో వేల నాణేలు, ఇటుక బావులు, మట్టి గాజుల బావులు దొరికాయి. ఇనుప పని చేసిన కమ్మరి కొలిమి కూడా దొరికింది. అది చదివినప్పుడు నాకు భలే అనిపించింది. అంటే రెండు వేల ఏళ్ళ కింద కూడా ఇది పనోళ్ళ ప్రాంతమే. నిప్పు, ఇనుము, చెమట. మా తాత ఇక్కడికి వచ్చిన మొదటి కార్మికుడు కాదన్నమాట. "అంతకు ముందు అడివి" అనే జవాబు తప్పన్నమాట.

ధూళికట్ట పొలాల్లో నడుస్తుంటే మా వాడు అడిగాడు, "మరి రైతులు దున్నుతున్నారు కదరా, మనం జీపు ఎక్కిస్తేనే తప్పా?" అని. మంచి ప్రశ్నే. నా జవాబు ఇది. రైతుకు ఆ భూమి బువ్వ. తరాల నుంచి వాళ్ళు అక్కడ బతుకుతున్నారు, ఏ దిబ్బ ఏంటో వాళ్ళకే బాగా తెలుసు. కోటిలింగాలలో మమ్మల్ని ఆపింది కూడా బర్రెలు కాసుకునే తాతే, ఏ ప్రొఫెసరో కాదు. మనకు అది 30 సెకన్ల రీల్. రెండూ ఒకటి కావు.

రెండో రోజు, రామగిరి

ఆదివారం పొద్దున సెంటినరీ కాలనీ మీదుగా బేగంపేట వైపు పోయాం. రామగిరి ఖిల్లా దూరం నుంచే కనిపిస్తుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఆర్జీ-3 గనులు, అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టు. పైన కోట, కింద బొగ్గు. మా జిల్లా మొత్తం ఒక్క ఫ్రేములో కావాలంటే ఇక్కడ నిలబడండి.

జీపు కొండ కింద వరకే. పైకి నడకే. శ్రావణమాసంలో జనం బాగా వస్తారు. వనమూలికలకు ఈ గుట్ట ఫేమస్, బోటనీ స్టూడెంట్స్ కూడా వస్తుంటారు. పైకి ఎక్కుతుంటే రాతి ప్రాకారాలు, బురుజులు, ఫిరంగి, కొలనులు కనిపిస్తాయి. ఇది మనం సినిమాల్లో చూసే కోట. రాముడు, సీత వనవాసంలో ఇక్కడ ఉన్నారని స్థానికుల నమ్మకం. కాళిదాసు మేఘదూతంలో యక్షుడు ఉన్న రామగిరి ఇదే అని కూడా కొందరు అంటారు. పండితులు ఎక్కువ మంది మాత్రం అది నాగపూర్ దగ్గరి రామ్‌టెక్ అని చెప్తారు.

నమ్మకాల్ని పక్కన పెడితే, ఈ ప్రాంతం గురించి రాతలో ఉన్నవి మూడు చెప్తా.

మొదటిది. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో 1163 నాటి శాసనం ఉంది. కాకతీయ రుద్రదేవుడిది. అందులో ఆయన తండ్రి రెండో ప్రోలరాజు గెలుపులు రాశారు. మంత్రకూటం పాలకుడు గుండడిని ఓడించి, తల గొరిగించి, ఛాతీ మీద వరాహ ముద్ర వేయించాడట. వరాహం కాకతీయుల చిహ్నం. ఆ మంత్రకూటం మన మంథని అని పరబ్రహ్మశాస్త్రి గారు గుర్తించారు, వేరే చోటు అనేవాళ్ళూ ఉన్నారు. ఒకవేళ మంథనే అయితే, ఈ చుట్టుపక్కల ఏలిన ఒక రాజు గురించి మనకు తెలిసింది ఆయన్ని ఎలా అవమానించారు అన్నది ఒక్కటే. ఆయన వైపు కథ లేదు.

రెండోది. కాకతీయులు పోయాక ముప్పభూపాలుడు అనే రాజు రామగిరి నుంచి ఏలాడు. ఆయన మంత్రి కందనామాత్యుడు. మడికి సింగన అనే కవి తన పద్మపురాణాన్ని ఆ మంత్రికి అంకితం ఇచ్చాడు. 14వ శతాబ్దం చివర, 15వ శతాబ్దం మొదటి భాగం అని సాహిత్య చరిత్రకారుల లెక్క. ఇదే సింగన సకలనీతిసమ్మతం అనే నీతి సంకలనం కూడా కూర్చాడు. అంటే ఈ కొండ నీడన తెలుగు పుస్తకాలు పుట్టాయి. ఇంటర్‌లో తెలుగు తీసుకున్న నాకు ఈ సంగతి 28 ఏళ్ళకు తెలిసింది.

మూడోది వింటే ఆశ్చర్యపోతారు. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. అప్పటికి ఆయన ఇంకా బాద్‌షా కాదు, తండ్రి షాజహాన్ తరఫున దక్కన్ సుబేదారు. చివరికి సంధి కుదిరింది. గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా తన కూతుర్ని ఔరంగజేబు పెద్ద కొడుకు మహమ్మద్ సుల్తాన్‌కు ఇచ్చి పెళ్ళి చేశాడు. కోటి రూపాయల పరిహారంతో పాటు ఒక జిల్లాను కూడా మొగలులకు అప్పజెప్పాడు. ఏ జిల్లా? రామ్‌గిర్. మన రామగిరి ప్రాంతమే. అంటే కట్నంగా పోయింది. ఇక్కడ పొలం దున్నుకునే వాళ్ళని ఎవరైనా అడిగారా? అడగరు కదా. ఎక్కడో గోల్కొండలో పెళ్ళి జరిగింది, ఇక్కడ ఏలేవాళ్ళు మారిపోయారు.

కొండ మీద కూర్చుని ఇవన్నీ మాట్లాడుకుంటుంటే నాకు ఒక విషయం తట్టింది. రామగిరి రాయి. గట్టిగా నిలబడింది. కానీ ఈ ప్రాంతం కథ ఎక్కువగా బయటివాళ్ళే రాశారు. గెలిచిన వాళ్ళు శాసనంలో రాశారు, మొగలులు వాళ్ళ చరిత్రలో రాశారు. ఇవాళ ఖిల్లాలో రెండు రాళ్ళు పడిపోయినా ఆ రాతలు ఎక్కడికీ పోవు, లైబ్రరీల్లో ఉంటాయి.

కోటిలింగాల అలా కాదు. గోబద, నారన, సమగోప గురించి బయట ఎవరూ రాయలేదు. వాళ్ళ గురించి చెప్పగలిగేది ఆ మట్టి ఒక్కటే. మనం మాత్రం రాతి కోట కనిపిస్తే చెప్పులు విప్పినంత పని చేస్తాం, మట్టి కోట కనిపిస్తే బండి ఎక్కిస్తాం. నిజానికి జాగ్రత్త ఎక్కువ కావాల్సింది మట్టికే.

మంథని ఒడ్డున సాయంత్రం

చివరగా మంథని పోయాం. పాత ఊరు, వేదం చదివే కుటుంబాలకు పేరు. పీవీ నరసింహారావు గారు 1957 నుంచి 20 ఏళ్ళు ఇక్కడి నుంచే ఎమ్మెల్యే. గోదావరి ఒడ్డున జీపు దూరంగా ఆపి ఇసుకలో కూర్చున్నాం. నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టిన నది మా ఊళ్ళను ఒరుసుకుంటూ బంగాళాఖాతం దాకా పోతుంది, మొత్తం 1,465 కిలోమీటర్లు. తర్వాతి కాలపు శాతవాహన రాజుల నాణేల మీద రెండు తెరచాపల ఓడ బొమ్మ ఉంటుంది. ఈ నది ఒడ్డున మొదటి నాణెం వేసిన వాళ్ళ వారసులు సముద్రం మీద వ్యాపారం దాకా పోయారు. కోస్తా మనకు లేకపోవచ్చు. ఆ దారి మాత్రం మన దగ్గరి నుంచే పోయింది.

ఎల్లంపల్లి నీళ్ళు రావద్దా, బొగ్గు తవ్వొద్దా అని మీరు అడగొచ్చు. నేను ఆ మాట అనలేను. మా ఇంట్లో ప్రతి ముద్దా బొగ్గు పెట్టిందే. నా బీటెక్ ఫీజు మా నాన్న నైట్ షిఫ్టులు కట్టినవి. పెద్ద ప్రాజెక్టు వచ్చేటప్పుడు ముందు తవ్వి చూడటం, రాసిపెట్టడం, మ్యూజియంలో పెట్టడం ప్రభుత్వాల పని, అది అడగడం మన పని. కానీ నా చేతిలో ఉన్నది ఒకటి ఉంది. జీపు స్టీరింగ్. దాన్ని ఎటు తిప్పాలో నాకు ఎవరూ జీవో ఇవ్వక్కర్లేదు.

కాబట్టి మేము పెట్టుకున్న నాలుగు రూల్స్ చెప్తా. మీరూ పాటిస్తే సంతోషం.

ఒకటి, పాత ఊరి దగ్గర, నది ఒడ్డున మట్టి దిబ్బ కనిపిస్తే ముందు ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి. శాటిలైట్ వ్యూలో కూడా చూడండి. దిబ్బ వరుసగా చుట్టూ తిరిగి ఉంటే అది కోట గోడ అయ్యే ఛాన్స్ ఉంది.

రెండు, బండి దూరంగా ఆపి నడవండి. ఆఫ్ రోడ్ సరదా ఉంటే దానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి.

మూడు, పెంకు, పూస, బిళ్ళ ఏది కనిపించినా జేబులో వేసుకోకండి. ఉన్నచోటే ఫొటో తీసి, రెవెన్యూ వాళ్ళకో, పురావస్తు శాఖకో చెప్పండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దొరికిన పాత వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలి. గుప్తనిధుల పిచ్చి ఉన్నవాళ్ళకు ఈ ముక్క ఫార్వర్డ్ చేయండి.

నాలుగు, రీల్‌లో చూపించేటప్పుడు దిబ్బ పేరు చెప్పండి. పేరు తెలిస్తే ఎక్కేవాడు ఒక నిమిషం ఆలోచిస్తాడు.

ఇక ఆఖరి మాట. ఆ మూడు టేకుల రీల్ నేను అప్పుడే అప్‌లోడ్ చేసేశా, తాత రాకముందే మొదటి టేకు పోస్ట్ అయిపోయింది. నా రీల్స్ అన్నిటిలో దానికే ఎక్కువ వ్యూస్ వచ్చాయి. ఇంటికి వచ్చాక డిలీట్ చేశా. మా వాడు "పేరు పెట్టి ఉంచరా, పది మందికి తెలుస్తది" అన్నాడు. కానీ చూసేవాడు పేరు చదవడు, స్లోప్ చూస్తాడు. నేనూ అంతే కదా.

రెండు నెలల తర్వాత, వానలు పడ్డాక మళ్ళీ కోటిలింగాల పోయా. బస్సులో. తాతకు ఆ రోజు తీసిన ఫొటో ప్రింట్ ఇచ్చా, నవ్వాడు. "రా, చూపిస్త" అని దిబ్బ దగ్గరికి తీసుకుపోయాడు. మా టైరు గాడి అలాగే ఉంది. కాదు, పెద్దదైంది. వాన నీళ్ళన్నీ ఆ గాడిలోంచే దిగి, జానెడు గాడిని మోకాలి లోతు చేశాయి. ఆ రోజు మేము చూసిన ఇటుక అక్కడ లేదు, జారి ఎటో పోయింది.

తాత ఏం తిట్టలేదు. నాలుగు తుమ్మ కంపలు తెచ్చి గాడికి అడ్డంగా వేశాడు. నేనూ రెండు వేశా. అది చాలదని మా ఇద్దరికీ తెలుసు.

సరే ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్ ఇంతే. మీ ఊరి దగ్గర ఇలాంటి దిబ్బ ఉంటే కామెంట్‌లో ఊరి పేరు, ఊళ్ళో వాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారో రాయండి. వచ్చే వారం గాంధారి ఖిల్లా గురించి మాట్లాడుకుందాం. నడిచే పోతాం. ఉంటా మరి, నమస్తే.